గుడ్డులో పిండాన్ని పెంచే పొరలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పొదిగే యంత్రానికి ఎంత వేడి, ఎంత తేమ, రోజుకు ఎన్నిసార్లు తిప్పాలి అన్నది గుడ్లు పొదిగించే చాలామందికి నోటికి వచ్చు. ఆ అంకెలు అలాగే ఎందుకు ఉండాలో మాత్రం పిండం చుట్టూ పెరిగే పొరల్ని చూస్తేనే అర్థమవుతుంది. గుడ్లు పొదగకుండా పోయినప్పుడు కారణం వెతకాల్సిందీ అక్కడే. ఇక్కడి లెక్కలన్నీ కోడిగుడ్డువి, అంటే 21 రోజులవి. వేరే జీవి ప్రస్తావన వచ్చిన చోట పేరు చెప్పాం.

ఉడికించిన గుడ్డు ఒలిచేటప్పుడు పెంకుతో పాటు ఊడివచ్చే పలచటి పొర వీటిలో ఒకటేనా?

కాదు. అది పెంకు పొర, పెట్ట తయారుచేసింది. గుడ్డు పెట్ట కడుపులో అండవాహిక గుండా దిగుతున్నప్పుడు ఇస్త్మస్ అనే చోట సుమారు గంటా పదిహేను నిమిషాలు ఉంటుంది. ఆ కాస్త సేపట్లో సన్నటి ప్రొటీన్ పోగులు జల్లెడలా అల్లుకుని ఒకదాని మీద ఒకటిగా రెండు పొరలు ఏర్పడతాయి. వాటి మీద పెంకు పేరుకోవడానికి ఇంకో 20 గంటల దాకా పడుతుంది. రెండు పొరలూ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతుకు రాదు.

గుడ్డు పెట్టగానే వెచ్చగా ఉంటుంది. చల్లబడే కొద్దీ లోపలిది కాస్త కుంచించుకుని, వెడల్పు కొస దగ్గర ఈ రెండు పొరలూ విడివడి మధ్యలో గాలి చేరుతుంది. అదే గాలి గది. ఉడికిన గుడ్డుకు ఒక కొసన కనిపించే సొట్ట దాని గుర్తే.

పచ్చసొనను పట్టి ఉంచే పలచటి పొర కూడా పెట్ట ఇచ్చిందే. ఈ పేజీలో మాట్లాడుకునే పొరలు వేరు. గుడ్డు పెట్టిన నాడు అవి ఉండవు. పిండం తన కణాలతో తానే వాటిని పెంచుకుంటుంది. పుంజు కలవని గుడ్డులో ఎన్నాళ్లు వెచ్చబెట్టినా అవి రావు.

పిండం పెంచుకునే పొరలు ఎన్ని? వాటి పేర్లేమిటి?

నాలుగు. పాఠ్యపుస్తకాల్లో ఉల్బం, పరాయువు, అళిందం, సొనసంచి అని ఉంటాయి. ప్రయోగశాలల్లో వరుసగా ఆమ్నియాన్, కోరియాన్, అలంటాయిస్, యోక్ శాక్ అంటారు.

సొనసంచి తిండి అందిస్తుంది. ఉల్బం నీళ్ల సంచి, పిండం అందులో తేలుతుంది. అళిందం మొదట మలిన ద్రవం చేరే తిత్తి, తర్వాత ఊపిరితిత్తి పని కూడా చేస్తుంది. పరాయువు అన్నిటికీ బయట ఉండే పొర. అది అళిందంతో అతుక్కున్నాకే దాని అసలు పని మొదలవుతుంది.

నాలుగూ రెండేసి అరల పొరలే. తొలి పిండంలో కణాలు మూడు వరసలుగా ఉంటాయి: బయటిది బహిస్త్వచం, మధ్యది మధ్యస్త్వచం, లోపలిది అంతస్త్వచం. ఉల్బం, పరాయువుల్లో బహిస్త్వచం, మధ్యస్త్వచం ఉంటాయి. సొనసంచి, అళిందాల్లో అంతస్త్వచం, మధ్యస్త్వచం ఉంటాయి. రక్తనాళాలు మధ్యస్త్వచంలోనే పుడతాయి. సొనసంచికీ అళిందానికీ ఆ నాళాలు దట్టంగా ఉంటాయి, ఉల్బానికి అసలు ఉండవు. పరీక్షకు చదివేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకుంటే మిగతాది దానంతట అదే గుర్తొస్తుంది.

ఏ పొర ఎప్పుడు వస్తుంది?

పెట్టిన గుడ్డులోనే పచ్చసొన మీది చిన్న తెల్లటి బిళ్లలో 40,000 నుంచి 60,000 కణాలు ఉంటాయి. యంత్రంలో పెట్టాక ఆ బిళ్ల అంచులు సొన మీద అన్ని వైపులా పాకుతాయి. సొనసంచికి మొదలు ఇదే. రెండో రోజు నడుమ గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. మూడో రోజుకు సొన మీద ఎర్రటి నాళాల వల స్పష్టంగా ఉంటుంది.

రెండో రోజే తల ముందు ఒక మడత లేస్తుంది. తర్వాత తోక వైపు నుంచి, పక్కల నుంచి కూడా మడతలు లేచి వీపు మీద కలుస్తాయి. ఈ మడతకు రెండు వరసలుంటాయి కాబట్టి కలిసిన చోట లోపలి వరస ఉల్బం అవుతుంది, బయటి వరస పరాయువు అవుతుంది. మూడో రోజు దాటి నాలుగో రోజుకు పిండం పూర్తిగా నీళ్ల సంచిలో ఉంటుంది.

అళిందం మూడో రోజున పేగు వెనక కొస నుంచి చిన్న బుడగలా బయటికి వస్తుంది. నాలుగో రోజుకు కంటికి కనిపిస్తుంది. అయిదు, ఆరు రోజులకు పరాయువును తాకి దానితో అతుక్కుంటుంది. ఆ జంట పొర పెంకు లోపలి వైపంతా పాకి, 11 లేదా 12వ రోజుకు సన్న కొస దగ్గర మూసుకుంటుంది. నాలుగు పొరల కథలో పొదిగించేవాళ్లు కళ్లారా చూడాల్సిన ఘట్టం ఇదొక్కటే అని మా అభిప్రాయం. దాని గురించి కింద వివరంగా ఉంది.

పిండం పచ్చసొనను ఎలా తింటుంది? నేరుగా పేగులోకి వెళుతుందా?

సొనసంచికీ పేగుకూ మధ్య సన్నటి కాడ ఉన్నా, పొదుగుతున్న రోజుల్లో తిండి ఎక్కువగా అటు నుంచి పోదు. సొనసంచి లోపలి గోడ మడతలు మడతలుగా సొనలోకి దిగి ఉంటుంది. ఆ కణాలు కొవ్వునూ ప్రొటీన్‌నూ విడగొట్టి రక్తంలోకి పంపుతాయి, రక్తం పిండానికి చేరవేస్తుంది. అంటే అది సంచి మాత్రమే కాదు, జీర్ణం చేసే అవయవం కూడా. మొదటి రక్తకణాలు పుట్టేదీ ఈ గోడలోనే. తల్లి కోడి సొనలో పెట్టి పంపిన రోగనిరోధక ప్రొటీన్లు కూడా ఈ దారినే పిల్లకు అందుతాయి. పెట్టలకు వేసిన టీకా పిల్లలను మొదటి రోజుల్లో కాపాడేది అలాగే.

ఉమ్మనీరు గుడ్డులో కూడా ఉంటుందా? దాని అవసరం ఏమిటి?

ఉంటుంది. ఉల్బంలో ఉండే నీరు అదే. మూడు రోజుల పిండం జెల్లీ కన్నా మెత్తగా ఉంటుంది. గట్టి దేనికి ఆనుకున్నా ఆ వైపు అణిగిపోతుంది, పొరకు అంటుకుంటే అక్కడే వంకర తిరుగుతుంది. నీళ్లలో తేలుతుంటే ఏ వైపూ ఒత్తిడి ఉండదు.

ఇంకో విశేషం: ఉల్బం గోడలో నరాలు లేకపోయినా మృదు కండర కణాలు ఉంటాయి. నాలుగైదు రోజుల నుంచి అది తనంతట తాను లయగా ముడుచుకుంటూ పిండాన్ని ఊయలలో ఊపినట్టు ఊపుతుంది. ఆరు, ఏడు రోజుల గుడ్డును చీకట్లో దీపం మీద పెట్టి కదపకుండా చూస్తే, నల్లటి కంటి చుక్క ఒక పక్కకు జరిగి మళ్లీ వెనక్కి రావడం కనిపిస్తుంది. దాన్ని చాలామంది పిల్ల కదలికే అనుకుంటారు. చాలావరకు అది ఉల్బం ఊపే ఊపు.

సుమారు 12వ రోజున ఉల్బానికీ తెల్లసొనకూ మధ్య దారి తెరుచుకుంటుంది. మిగిలిన తెల్లసొన ఉమ్మనీటిలో కలుస్తుంది, పిల్ల దాన్ని నోటితో తాగుతుంది. చివరి వారంలో ఒళ్లు పెరగడానికి కావలసిన ప్రొటీన్‌లో పెద్ద వాటా ఇదే.

గుడ్డులో ఉండగా పిల్ల ఊపిరి ఎలా తీసుకుంటుంది?

అళిందం, పరాయువు అతుక్కున్న జంట పొరతో. అది పెంకు పొరకు ఆనుకుని ఉంటుంది. పెంకుకు వేలల్లో సన్నటి రంధ్రాలు ఉంటాయి. వాటి గుండా వచ్చిన ఆక్సిజన్‌ను ఈ పొరలోని కేశనాళికలు అందుకుంటాయి, బొగ్గుపులుసు గాలిని (కార్బన్ డయాక్సైడ్‌ను) బయటికి వదులుతాయి. 60 గ్రాముల గుడ్డు 21 రోజుల్లో సుమారు 6 లీటర్ల ఆక్సిజన్ పీల్చుకుని, 4.5 లీటర్ల కార్బన్ డయాక్సైడ్, 11 లీటర్ల నీటి ఆవిరి వదులుతుంది. పిల్ల ఊపిరితిత్తులు అప్పటికి పని మొదలుపెట్టలేదు, ఇదంతా ఒక పలచటి పొర మీదుగా జరుగుతుంది. అందుకే గదిలో గాలి ఆడకపోయినా, గుడ్లకు నూనె జిడ్డు, మట్టి పట్టి రంధ్రాలు మూసుకున్నా పిల్లలు చివరి వారంలో పోతాయి. తొలి వారంలో అవసరం తక్కువ కాబట్టి దెబ్బ అప్పుడు కనిపించదు.

ఈ జంట పొర పెంకును కొద్దికొద్దిగా కరిగించి కాల్షియం కూడా తీసుకుంటుంది. ఎముకల్లో చేరే కాల్షియంలో ఎక్కువ భాగం పెంకుదే, సొనది తక్కువ.

మలమూత్రాలు ఎక్కడికి పోతాయి?

అళిందం సంచిలోకి. చివరి రోజుల్లో అది ఎక్కువగా యూరిక్ ఆమ్లం రూపంలో తెల్లగా గడ్డకడుతుంది. నీళ్లలో దాదాపు కరగదు కాబట్టి పిల్లకు విషం కాదు, దాన్ని వదిలించుకోవడానికి నీళ్లూ ఖర్చు కావు. పిల్ల బయటికి వచ్చాక మిగిలిన పెంకును పారేయకుండా ఒకసారి వెలుతురులో పట్టుకుని లోపల చూడండి. ఎండిన ఆకు ఈనెల్లా రక్తనాళాల గీతలు గోడకు అంటుకుని ఉంటాయి, అడుగున తెల్లటి, కాస్త ఆకుపచ్చటి ముద్ద ఉంటుంది. నాళాలు పరాయువు, అళిందాలవి. ఆ ముద్ద మూడు వారాల మలినం.

గుడ్లు తిప్పకపోతే నిజంగా అంత నష్టమా?

నిజంగానే. ‘పిండం పెంకుకు అంటుకుంటుంది కాబట్టి తిప్పాలి’ అని అందరూ చెప్పే కారణం సరైనదే, కానీ అది సగమే.

తెల్లసొన నుంచి నీరు సొనలోకి చేరి పిండం కింద పలచటి ద్రవంగా నిలుస్తుంది. తిప్పని గుడ్డులో ఇది తగ్గుతుంది. సొనసంచి నాళాల వల చిన్నగా మిగులుతుంది. అళింద ద్రవం తగ్గుతుంది కాబట్టి సంచి ఉబ్బి పాకడం ఆలస్యమవుతుంది. సన్న కొస దగ్గర చిక్కటి తెల్లసొన ముద్ద అడ్డంగా ఉండిపోతుంది. జంట పొర దాని చుట్టూ మూసుకోలేదు. మూసుకోకపోతే ఊపిరి చాలదు, తెల్లసొన ఉల్బంలోకి సరిగా చేరదు, పిల్లకు ప్రొటీన్ అందదు. తిప్పడం మానేసింది మొదటి వారంలో, చావులు కనిపించేది మూడో వారంలో. కారణానికీ ఫలితానికీ మధ్య ఇంత దూరం ఉండటం వల్లే చాలామంది చివరి రోజుల తేమ మీద నెపం వేస్తారు.

తిప్పడం తప్పనిసరి అయిన కాలం మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా. రెండో వారంలోనూ దాని ప్రభావం ఉంటుంది. 18వ రోజున హ్యాచర్‌లోకి, అంటే పిల్లలు బయటికి వచ్చే పెట్టెలోకి, మార్చాక అవసరం లేదు. పెద్ద యంత్రాలు గంటకొకసారి ట్రేలను 45 డిగ్రీలు ఒకసారి ఇటు, ఒకసారి అటు వంచుతాయి. చేత్తో తిప్పేవాళ్లు పెన్సిల్‌తో ఒక వైపు గుణకారం గుర్తు, ఇంకో వైపు సున్న పెట్టుకుని, రోజుకు మూడు లేదా అయిదు సార్లు తిప్పాలి. బేసి సంఖ్య అయితే రాత్రంతా ఉండే పొడుగాటి విరామంలో రోజూ ఒకే వైపు పైకి ఉండిపోదు. ఎప్పుడూ ఒకే దిక్కుకు గుండ్రంగా తిప్పుకుంటూ పోకూడదు. అలా చేస్తే సొనను పట్టుకున్న తాళ్లు మెలిపడతాయి, పొరలు చిరుగుతాయి.

సన్న కొస పైకి పెట్టి పొదిగించడమూ ఇదే కోవలోని తప్పు. తల గాలి గది వైపు రాకుండా సన్న కొస వైపు తిరిగే పిల్లల సంఖ్య పెరుగుతుంది. అలాంటి పిల్లల్లో చాలా వాటికి మొదటి ఊపిరికి గాలి దొరకదు.

జంట పొర సరిగా మూసుకుందో లేదో ఎలా చూడాలి?

క్యాండ్లింగ్‌తో, అంటే చీకట్లో గుడ్డుకు దీపం ఆనించి లోపల చూడటంతో, 11వ రోజున. గది చీకటిగా ఉండాలి. దీపం చల్లటి ఎల్‌ఇడి అయితే మంచిది, పాత బల్బు ఒకే చోట ఆనించి ఉంచితే పెంకు వేడెక్కుతుంది. గుడ్డు బయట అయిదు నిమిషాలకు మించి ఉండకూడదు.

వెడల్పు కొస దగ్గర దీపం పెట్టి చూడటం అందరికీ అలవాటే. దానితో గాలి గదీ, పిండం బతికుందా లేదా అన్నదీ తెలుస్తాయి. జంట పొర కోసం గుడ్డును అడ్డంగా పట్టుకుని సన్న కొసను దీపం ముందు నెమ్మదిగా తిప్పాలి. బాగా పెరిగిన గుడ్డులో నాళాలు కొస దాకా వచ్చి ఒకదానితో ఒకటి కలుస్తాయి, ఎక్కడా ఖాళీ కనిపించదు. ఆలస్యమైన దాంట్లో కొస దగ్గర నాళాలు లేని, పసుపు రంగులో వెలిగే ముక్క మిగులుతుంది, దాని అంచు తీరరేఖలా స్పష్టంగా ఉంటుంది.

ఒక ట్రేలో ఒకటి రెండు గుడ్లు ఇలా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. చాలా గుడ్లు ఇలాగే ఉంటే మూడు విషయాలు చూడండి: తిప్పే యంత్రం నిజంగా తిరుగుతోందా, మొదటి వారంలో వేడి 37.5 డిగ్రీల కన్నా తగ్గిందా, గుడ్లు యంత్రంలో పెట్టే ముందు వారం రోజులకు మించి నిల్వ ఉన్నాయా. వేడి తక్కువైతే అన్ని గుడ్లూ ఒకే తీరుగా వెనకబడతాయి. తిప్పడంలో లోపం అయితే ఒక ట్రే లేదా ఒక వరస గుడ్లు వెనకబడతాయి.

18వ రోజున మళ్లీ చూస్తే సన్న కొస పూర్తిగా నల్లగా ఉండాలి. అక్కడ ఇంకా వెలుతురు పారుతోందంటే తెల్లసొన మిగిలిందని అర్థం.

నాలుగైదు రోజుల గుడ్డులో ఎర్రటి వలయం కనిపించింది. ఏమిటది?

పిండం చనిపోయింది. గుండె ఆగినప్పుడు సొనసంచి నాళాల్లోని రక్తం అంచున ఉండే గుండ్రటి నాళంలోకి జారి అక్కడే నిలిచిపోతుంది. దీని అర్థం పిండం సుమారు రెండున్నర నుంచి నాలుగు రోజుల మధ్య పోయిందని. ఎక్కువ రోజుల నిల్వ, రవాణాలో కుదుపులు, వేడి పెరగడం, యంత్రంలో పెట్టిన మొదటి నాలుగు రోజుల్లో ఫార్మాలిన్ పొగ వేయడం వంటివి కారణాలు. ఆ గుడ్డు తీసేయండి, ఉంచితే మురిగి పగులుతుంది.

తేమ గురించి ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు. దేన్ని నమ్మాలి?

తూకాన్ని నమ్మండి. గుడ్డు 18 రోజుల్లో తన బరువులో 11 నుంచి 14 శాతం నీటిని పోగొట్టుకోవాలి. 50 నుంచి 55 శాతం తేమ అనేది మొదలుపెట్టడానికి చెప్పే అంకె మాత్రమే. పెంకు మందం, రంధ్రాల సంఖ్య గుడ్డుగుడ్డుకూ మారుతుంది.

20 గుడ్ల మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి, యంత్రంలో పెట్టే ముందు కలిపి తూచండి. 1,200 గ్రాములు ఉన్నాయనుకుందాం. 12 శాతం అంటే 144 గ్రాములు, అంటే రోజుకు 8 గ్రాములు తగ్గాలి. 7వ రోజుకు 1,144, 14వ రోజుకు 1,088, 18వ రోజుకు 1,056 గ్రాములు. 7వ రోజున 1,165 ఉంటే తేమ ఎక్కువైంది, తగ్గించండి. 1,125 ఉంటే పెంచండి. మధ్యలో చనిపోయిన గుడ్లు తీసేస్తే వాటి మొదటి బరువు కూడా లెక్కలోంచి తీసేయాలి, అందుకే విడివిడిగా తూచి రాసుకోవడం మేలు.

ఈ నీటికి పొరలతో సంబంధం ఉంది. అళింద ద్రవం పిల్లకు నీటి నిల్వ లాంటిది. గుడ్డు అతిగా ఎండితే మొదట కరిగేది ఆ నిల్వే. అది ముందే అయిపోతే పిల్ల ఒంటి నీరు పోతుంది, పొరలు ఎండి గట్టిపడతాయి. నీరు సరిపడా పోకపోతే గాలి గది చిన్నదిగా మిగులుతుంది, ఒళ్లు ఉబ్బి బరువెక్కిన పిల్ల తల తిప్పుకోలేక, మొదటి ఊపిరికి గాలి చాలక పోతుంది. పెంకు పగలగొట్టి చూస్తే ద్రవం కారుతుంది.

చివరి మూడు రోజుల్లో పొరలకు ఏమవుతుంది?

18వ రోజు తర్వాత జంట పొర ఇచ్చే ఆక్సిజన్ పిల్లకు చాలదు. 19, 20 రోజుల మధ్య పిల్ల తన ముక్కుతో జంట పొరనూ లోపలి పెంకు పొరనూ చీల్చి గాలి గదిలోకి ముక్కు పెడుతుంది. ఊపిరితిత్తులు మొదలవుతాయి. చెవి ఆనించి వింటే కిచకిచ వినిపిస్తుంది. కొన్ని గంటల తర్వాత పెంకుకు చిన్న పగులు వస్తుంది. పగులు వచ్చాక పిల్ల బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు పట్టవచ్చు. బయట నుంచి చూసేవాళ్లకు ఏమీ జరగనట్టు అనిపించే ఈ వ్యవధిలోనే జంట పొర నాళాల్లోని రక్తం పిల్ల ఒంట్లోకి వెనక్కి చేరుతుంది, మిగిలిన పచ్చసొన సొనసంచితో సహా బొడ్డు గుండా కడుపులోకి లాక్కోబడుతుంది.

పగులు పెట్టి ఆగిపోయిన పిల్లకు మనం సాయం చేయవచ్చా?

పగులు వచ్చి 24 గంటలు దాటేదాకా ముట్టుకోకండి. ఆ తర్వాత కూడా ముందు పొరను చూడండి. పగులు దగ్గర పెంకు ముక్కను గోటితో కొంచెం తీసి, కింద ఉన్న తెల్లటి పొరను గోరువెచ్చటి నీళ్లలో తడిపిన దూది మొనతో తాకండి. తడిస్తే పొర పారదర్శకమై నాళాలు కనిపిస్తాయి. వాటిలో ఎర్రటి రక్తం ఉంటే ఆగిపోండి, పెంకు తీసిన చోట తడి దూది కప్పి మళ్లీ హ్యాచర్‌లో పెట్టండి. రక్తం ఉన్న పొర చింపితే ఆ కొద్ది చుక్కలే పిల్ల ప్రాణం తీస్తాయి. నాళాలు వట్టి గీతల్లా ఉంటేనే గాలి గది వైపు నుంచి కొద్దికొద్దిగా పెంకు తీయవచ్చు. సన్న కొస వైపు తెరవకూడదు, సొన ఇంకా లోపలికి పోలేదని అటు తెరిచాకే తెలుస్తుంది, అప్పటికి ఆలస్యమవుతుంది.

పిల్ల ఆగిపోవడానికి ఎక్కువగా చూసే కారణం మాటిమాటికీ మూత తెరవడం. తడి గాలి బయటికి పోగానే పగులు దగ్గరి పెంకు పొర తోలులా ఎండి పిల్ల ఈకలకు అతుక్కుంటుంది. ఇక అది తిరగలేదు. చివరి మూడు రోజులు తేమ 65 నుంచి 70 శాతం ఉంచమనేది దీని కోసమే.

బొడ్డు దగ్గర సొన బయటే మిగిలి పుట్టిన పిల్లలు బతుకుతాయా?

కొంచెమే మిగిలి బొడ్డు మూసుకుంటుంటే బతకవచ్చు. హ్యాచర్‌లోనే, శుభ్రమైన తడి గుడ్డ మీద, మిగతా పిల్లలు పొడవకుండా విడిగా ఉంచండి. చేత్తో లోపలికి నెట్టకండి, తెంపకండి. ఎక్కువ పిల్లలు ఇలాగే వస్తే వేడి ఎక్కువైందని అనుమానించాలి. వేడి వల్ల పిల్లలు తొందరపడి సొన పూర్తిగా లాక్కోకముందే వస్తాయి. మూసుకోని బొడ్డు గుండా సూక్ష్మజీవులు, ముఖ్యంగా ఈ.కోలి, సొనసంచిలోకి చేరతాయి. వెచ్చటి పచ్చసొన వాటికి మంచి మేత. పిల్ల మొదటి వారంలో కడుపు ఉబ్బి, వాసన వేస్తూ చనిపోతుంది.

సొన సరిగా లోపలికి చేరిన పిల్లకు అది రెండు మూడు రోజుల తిండి. ఒకరోజు పిల్లలను మేత లేకుండా దూరాలు పంపగలిగేది దీని బలం మీదే. అయినా నీళ్లూ మేతా ఎంత త్వరగా దొరికితే పేగులు అంత బాగా పెరుగుతాయి, కాబట్టి ఆ గడువును వాడుకోవాలని చూడకండి.

తాబేలు, మొసలి గుడ్లను కూడా తిప్పాలా?

తిప్పితే చస్తాయి. పక్షి గుడ్డులో సొనను పట్టే తాళ్లు సరీసృపాల గుడ్డులో ఉండవు. పెట్టిన కొన్ని గంటలకే పిండం పైకి తేలి పై గోడకు అతుక్కుని, అక్కడి నుంచే పొరలు పరచుకుంటుంది. తర్వాత తలకిందులు చేస్తే పొరలు చిరుగుతాయి, లేదా సొన బరువు పిండం మీద పడుతుంది. గూడు మార్చాల్సి వస్తే పెట్టిన కొద్ది గంటల్లోనే మార్చాలి. ఆలస్యమైతే ప్రతి గుడ్డు పైభాగానా పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అదే వైపు పైకి ఉండేలా ఎత్తి, అలాగే దించాలి.

చేపలకూ కప్పలకూ ఈ పొరలు ఉంటాయా?

చేప పిల్లలకు సొనసంచి ఉంటుంది. ఉల్బం, పరాయువు, అళిందం మాత్రం చేపలకూ ఉండవు, కప్పలకూ ఉండవు. నీళ్లలో పెట్టే గుడ్డుకు సొంత నీళ్ల సంచి అక్కర్లేదు. ఈ మూడూ ఉన్న సరీసృపాలు, పక్షులు, క్షీరదాలను కలిపి ఉల్బధారులు అంటారు.

మనుషుల్లో ఈ నాలుగూ ఏమయ్యాయి?

ఉల్బం ఉమ్మనీటి సంచిగా అలాగే ఉంది. పరాయువు మాయలో బిడ్డ వైపు భాగం అవుతుంది. అళిందం చిన్నదే అయినా దాని వెంట వచ్చిన నాళాలే బొడ్డుతాడు నాళాలు. సొనసంచిలో సొన ఉండదు, కానీ మొదటి రక్తకణాలు మనలోనూ దాని గోడలోనే పుడతాయి.

టీకాలు గుడ్లలో తయారుచేస్తారంటారు. ఏ పొరలో?

వైరస్‌ను బట్టి. 1931లో ఎలిస్ వుడ్రఫ్, ఎర్నెస్ట్ గుడ్‌పాస్చర్ కోళ్ల మశూచి వైరస్‌ను కోడిగుడ్డు జంట పొర మీద పెంచారు. మశూచి జాతి వైరస్‌లు ఆ పొర మీద తెల్లటి పొక్కుల్లా కనిపిస్తాయి. 1938లో హెరాల్డ్ కాక్స్ రికెట్సియా సూక్ష్మజీవులను సొనసంచిలో పెంచే పద్ధతి చెప్పారు. ఫ్లూ టీకాకు 9 నుంచి 11 రోజుల గుడ్ల అళింద సంచిలోకి వైరస్ ఎక్కిస్తారు. అది సంచి గోడ కణాల్లో పెరిగి ద్రవంలోకి వస్తుంది. రెండు మూడు రోజుల తర్వాత గుడ్లను చల్లబరిచి ఆ ద్రవం తీస్తారు. ముందు చల్లబరచడం ఎందుకంటే, నాళాల్లో రక్తం గడ్డకట్టకపోతే ద్రవంలో కలిసి పాడుచేస్తుంది.

తరగతిలో పొరలు చూపించాలి. గుడ్డు ఎలా తెరవాలి?

72 గంటల నుంచి 96 గంటల గుడ్డు తీసుకోండి. అడ్డంగా పడుకోబెట్టి 20 నిమిషాలు కదపకండి, పిండం పైకి తేలుతుంది. పెంకును 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. వెడల్పు కొసన సన్న రంధ్రం చేసి, సిరంజి సూదిని కింది వైపుకు వంచి దించి, 3 నుంచి 5 మిల్లీలీటర్ల తెల్లసొన లాగండి. ఈ అడుగు వదిలేస్తేనే ప్రయోగం చెడుతుంది: తెల్లసొన తీయకపోతే పిండం పెంకుకు ఆనుకునే ఉంటుంది, కత్తెర మొన నాళాన్ని చింపుతుంది. సిరంజిలోకి పసుపు రంగు వస్తే సూది సొనకు తగిలిందని, ఆ గుడ్డు పనికిరాదని అర్థం.

రంధ్రాన్ని టేపుతో మూసి, పైభాగాన పారదర్శక టేపు అంటించి, దాని మీదుగా సన్న కత్తెరతో రెండు సెంటీమీటర్ల కిటికీ కోయండి. టేపు ఉంటే పెంకు పొడి లోపల పడదు. గుండె కొట్టుకోవడం, సొన మీది నాళాలు వెంటనే కనిపిస్తాయి. ఉల్బం కనిపించాలంటే వెలుతురు పక్క నుంచి వేయాలి, అప్పుడు పిండం చుట్టూ సబ్బు బుడగ అంచులాంటి మెరుపు తెలుస్తుంది. 96 గంటల గుడ్డులో తోక దగ్గర నీటి బొట్టు లాంటి బుడగ కనిపిస్తే అదే అళిందం. పొర ఎండకుండా 37 డిగ్రీల సెలైన్ రెండు చుక్కలు వేస్తూ ఉండండి. చూడటం అయ్యాక గుడ్డును 4 డిగ్రీల చలిలో పెట్టి ఎదుగుదల ఆపేయాలి, బల్ల మీద అలా వదిలేయకూడదు.

పొదగని గుడ్లు పగలగొట్టి చూస్తే పొరలను బట్టి ఏం చెప్పవచ్చు?

వెడల్పు కొస నుంచి పెంకు తీసి చూడండి, ఒకేసారి గిన్నెలో కుమ్మరించకండి. సొన మీద గట్టిగా, చిన్నగా తెల్లటి చుక్క మాత్రమే ఉంటే అది పుంజు కలవని గుడ్డు. రక్తం లేకుండా మీగడ రంగు పొర సొన మీద పాకి ఉంటే ఒకటి రెండు రోజుల్లో పోయింది, నిల్వలోనో రవాణాలోనో దెబ్బ తగిలింది. నల్లటి కన్ను ఉండి ఈకలు లేకపోతే రెండో వారం మొదటి సగం దాకా వచ్చింది.

ఈకలు వచ్చిన పిల్ల చనిపోయి ఉంటే సన్న కొస దగ్గరికి వెళ్లండి. అక్కడ జిగురులా తెల్లసొన ముద్ద ఉంటే జంట పొర మూసుకోలేదు, తిప్పే యంత్రాన్ని విప్పి చూడాలి. ముద్ద లేకుండా, పిల్ల పూర్తిగా పెరిగి, సొన లోపలికి పోయి, ముక్కు గాలి గది పొరను మాత్రం చీల్చకుండా ఉంటే గాలి గది ఎంత ఉందో కొలవండి, ఆ తర్వాత తూకం కాగితం తీయండి.